పోర్టలా, రిజిస్టరా, అనుసంధానమా? స్టార్టప్, ఎంఎస్ఎంఈ సహాయ సంస్థలు ఉమ్మడి డేటా వ్యవస్థను ఎంచుకోవడం ఎలా

హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ ఉందనుకుందాం. ఇంజినీరింగ్ కాలేజీ ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త సంస్థలకు చోటు, సలహాలు ఇచ్చి నిలబెట్టే కేంద్రంలో, మొదలైంది. నమూనా తయారీకి టీ వర్క్స్‌కు వెళ్లింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ స్టార్టప్ కేంద్రం టీ హబ్‌లో ఒక కార్యక్రమంలో చేరింది. వ్యవస్థాపకురాలు మహిళ కాబట్టి వీ హబ్‌లో శిక్షణ కూడా తీసుకుంది. యంత్రాల సబ్సిడీకి జిల్లా పరిశ్రమల కేంద్రంలో దరఖాస్తు పెట్టింది. ఏడాది చివర ఈ అయిదు చోట్లా నివేదికలు తయారైతే, అయిదింటిలోనూ ఆ సంస్థ పేరు ఉంటుంది. అది కల్పించిన పన్నెండు ఉద్యోగాలూ ఉంటాయి. పైన కూర్చుని కూడిక వేసేవారికి అరవై కనబడతాయి. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందుకే ఈ తప్పును పట్టుకోవడం కష్టం.

సహాయం చేసే సంస్థలు పెరిగే కొద్దీ ఈ చిక్కు ముదురుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అమరావతి ప్రాంతంలో ప్రధాన కేంద్రం ఉంది. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో అనుబంధ కేంద్రాలున్నాయి. వీటికి తోడు విశ్వవిద్యాలయాల ఇంక్యుబేటర్లు, పరిశ్రమల శాఖ, బ్యాంకులు, పారిశ్రామిక సంఘాలు ఎలాగూ ఉన్నాయి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) కోసం కేంద్రం ప్రపంచ బ్యాంకు సాయంతో 2022లో ప్రారంభించిన 6,062 కోట్ల రూపాయల ‘ర్యాంప్’ పథకంలోనైతే డబ్బు విడుదలే ఫలితాల సూచికలతో ముడిపడి ఉంది. కాబట్టి అందరి లెక్కలూ ఒకచోట చేరాలన్న మాట ప్రతి సమీక్షలోనూ వినిపిస్తోంది. ఆ మాట పూర్తి కాకముందే ఎవరో ఒకరు ‘పోర్టల్ కట్టిద్దాం’ అంటారు. వారం తిరగకుండా రంగురంగుల డాష్‌బోర్డు నమూనాతో ఒక కంపెనీ వచ్చి కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక ఇక్కడ ఆఖరి నిర్ణయం కావాలన్నది నా అభిప్రాయం. వివరాలు ఎవరు నింపుతారు, నింపకపోతే వారికి ఏ పని ఆగిపోతుంది అన్నది అంతకంటే ముందు తేలాలి. ఏ పనీ ఆగకపోతే ఎంత ఖరీదైన పోర్టలైనా రెండో ఏటికి సగం ఖాళీగా ఉంటుంది. కింద చెప్పిన దారులన్నిటినీ ఈ కొలతతోనే చూశాను.

ముందు ప్రశ్న

ఉమ్మడి వ్యవస్థ కావాలనేవారు నాలుగు వేర్వేరు కోరికలను ఒకే మాటలో చెబుతుంటారు. మొదటిది, ఒకే సంస్థను రెండుసార్లు లెక్కపెట్టకుండా మొత్తం ఎంతమందికి సహాయం అందిందో తెలుసుకోవడం. రెండోది, ఆ సహాయం వల్ల అమ్మకాలు, ఉద్యోగాలు నిజంగా పెరిగాయో లేదో చూడడం. మూడోది, మన ప్రాంతం పక్క ప్రాంతాలతో పోలిస్తే ఎక్కడుందో చూసుకోవడం. నాలుగోది, ఒక సంస్థ మన తలుపు తట్టినప్పుడు అది ఇప్పటికే ఎక్కడెక్కడికి వెళ్లిందో, ఇప్పుడు ఎక్కడికి పంపితే మేలో తెలియడం.

మొదటి ప్రశ్నకు ఏడాదికోసారి జాబితాలు కలిపితే చాలు. నాలుగోదానికి ఆ పూట సమాచారం ఆ పూటే కావాలి. రెండోదానికి సహాయం అందని సంస్థల వివరాలు కూడా కావాలి; లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మూడోదానికి మీ దగ్గరున్న జాబితాలు అసలు పనికిరావు. నాలుగింటికీ ఒకే వ్యవస్థ సరిపోతుందని చెప్పే ప్రతిపాదనను నేనైతే అక్కడే పక్కన పెడతాను.

ఉమ్మడి షీటు

ఎక్సెల్ లేదా గూగుల్ షీటును చిన్నచూపు చూడనక్కర్లేదు. నాలుగైదు సంస్థలు, కొన్ని వందల లబ్ధిదారులు, బాధ్యత తీసుకునే ఒక మనిషి ఉంటే మొదటి రెండేళ్లకు అది చాలు. ఏ గడులు నిజంగా వాడుకలోకి వస్తాయో, ఏవి ఎవరూ నింపరో షీటు చెప్పినంత చవకగా ఇంకేదీ చెప్పదు. దాని లోపాలు కూడా అందరికీ తెలిసినవే: ఎవరు ఏ గడి మార్చారో ఎవరూ చూడరు, ప్రతులు వాట్సాప్‌లో తిరుగుతాయి, బాధ్యుడు బదిలీ అయిన రోజే షీటు కూడా ఆగిపోతుంది. ఆధార్ నంబర్లు, వ్యవస్థాపకుల ఫోన్ నంబర్లు మాత్రం అందులో పెట్టకండి.

అందరూ నింపే ఒకే పోర్టల్

అందరికీ మొదట తట్టే ఆలోచన ఇదే, ఎక్కువగా విఫలమయ్యేదీ ఇదే. కాలేజీ ఇంక్యుబేటర్ మేనేజరు ఇప్పటికే నిధులిచ్చిన శాఖకు ఒక పోర్టల్‌లో, విశ్వవిద్యాలయానికి ఒక ఫారంలో, సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద కంపెనీలిచ్చే నిధులు) దాతకు మరో పట్టికలో అవే వివరాలు నింపుతుంటారు. మీ పోర్టల్ నాలుగోది. అందులో నింపడం వల్ల తిరిగి వచ్చేదేమీ లేనప్పుడు, మార్చి నెలాఖరున ఒక శిక్షణార్థిని కూర్చోబెట్టి అంతా ఒక్కసారే ఎక్కిస్తారు. తప్పు వారిది కాదు, ఎవరైనా అదే చేస్తారు.

ఈ పద్ధతి ఖాయంగా పనిచేసిన చోటు ఇటలీ. అక్కడి జాతీయ సహాయాల రిజిస్టర్ 2017 ఆగస్టు నుంచి నడుస్తోంది. దాని వెనక ఐరోపా సమాఖ్య పోటీ చట్టం ఉంది. ప్రభుత్వ సాయం మార్కెట్‌ను వంకర చేయకూడదన్నది అక్కడి నియమం. చిన్న మొత్తాలకు మాత్రం మినహాయింపు ఉంది: 2024 నుంచి ఒక సంస్థకు ఒక దేశంలో మూడేళ్లలో 3 లక్షల యూరోల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఇవ్వవచ్చు. సమస్యంతా ఆ ‘వరకు’లో ఉంది. ఆ సంస్థకు పక్క నగరపాలిక ఎంతిచ్చిందో, వాణిజ్య మండలి ఎంతిచ్చిందో తెలియకుండా మీరిచ్చేది పరిమితి దాటిందో లేదో చెప్పలేరు. అందుకే ఇటలీలో సాయం చేసే ప్రతి సంస్థా డబ్బు మంజూరు చేసే ముందు రిజిస్టర్‌లో చూడాలి, నమోదు చేయాలి, ఒక కోడ్ తీసుకోవాలి. ఆ నమోదు లేని మంజూరుకు చట్టప్రకారం విలువ లేదు. 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య దేశాలన్నీ ఇలాంటి చిన్న సాయాలను జాతీయ రిజిస్టర్‌లోనో, సమాఖ్య రిజిస్టర్‌లోనో నమోదు చేయాలన్న నిబంధన వచ్చింది.

అక్కడ పోర్టల్ నిండుతున్నది అధికారులు క్రమశిక్షణ గలవారని కాదు. నింపకపోతే చెక్కు కదలదు. మన దగ్గరా ఈ దారి పట్టాలంటే, నిధుల విడుదల ఉత్తర్వుపై రిజిస్టర్ నంబరు తప్పనిసరి చేసే అధికారం ఉన్న శాఖ దీన్ని నడపాలి. పారిశ్రామిక సంఘమో, కాలేజీల కూటమో పెట్టిన పోర్టల్‌కు ఆ అధికారం ఉండదు.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. నింపక తప్పదన్న అదును చూసి కొందరు అరవై గడులు పెడతారు. సంస్థ, మొత్తం, తేదీ, పథకం, ఇచ్చినవారు అనే అయిదారు గడులకు సరైన సమాధానాలు వస్తాయి. ‘ఆవిష్కరణ స్థాయి 1 నుంచి 10’ లాంటి గడికి అందరూ 7 వేస్తారు. పైగా ఇలాంటి రిజిస్టర్ ఎవరికి ఎంత అందిందో చెబుతుంది కానీ తర్వాత ఏమైందో చెప్పదు. డబ్బు రూపంలో లేని సాయం, అంటే సలహాలు, పరిచయాలు, ప్రయోగశాల సమయం, అందులో సరిగా ఇమడవు.

జాబితాలు తీసుకుని గణాంక సంస్థ కలపడం

నాకు బాగా నచ్చిన పద్ధతి కెనడాది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వంలో పదుల సంఖ్యలో పథకాలు వ్యాపారాలకు గ్రాంట్లు, రుణాలు, సలహాలు ఇస్తుంటాయి. ఆ విభాగాలన్నీ ఏటా తమ లబ్ధిదారుల జాబితాను స్టాటిస్టిక్స్ కెనడాకు పంపుతాయి. వ్యాపారం గుర్తింపు వివరాలు, ఏ పథకం, ఎంత, ఏ రకం సాయం అన్నవి అందులో ఉంటాయి. గణాంక సంస్థ ఆ జాబితాలను తన వ్యాపార రిజిస్టర్‌తో సరిపోల్చి, తన దగ్గర ముందే ఉన్న పన్ను, వేతన సమాచారంతో జత చేస్తుంది. ఒకే సంస్థ మూడు పథకాల్లో ఉంటే ఒక్కసారే లెక్కకు వస్తుంది. లబ్ధి పొందిన సంస్థల ఆదాయం, ఉద్యోగులు, ఎగుమతులు, పరిశోధన ఖర్చు ఎలా మారాయో పట్టికలు వస్తాయి. లబ్ధి పొందని అలాంటి సంస్థలతో పోల్చే వీలు కూడా ఉంది. ఇందుకోసం ఏ వ్యాపారినీ కొత్తగా ఒక్క ప్రశ్న అడగలేదు, ఏ విభాగమూ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోలేదు. వారు ఎలాగూ ఉంచుకునే జాబితానే పంపుతారు.

దీనికి రెండు పరిమితులున్నాయి. ఒకటి ఆలస్యం: పన్ను లెక్కలు తేలాక గానీ జత కుదరదు కాబట్టి ఫలితాలు ఏడాది పైగా వెనకబడి వస్తాయి. రెండోది, గణాంక చట్టం ప్రకారం ఫలానా సంస్థ వివరాలు బయటికి రావు, మొత్తాలే వస్తాయి. ‘మేమిచ్చిన జాబితాలో ఎవరు మునిగారో పేర్లు చెప్పండి’ అని విభాగం అడిగినా కుదరదు. ఈ రెండోదాన్ని నేను లోపంగా చూడను. పేర్లు తిరిగి రావని తెలిస్తేనే సంస్థలు నిశ్చింతగా జాబితాలిస్తాయి.

మన దగ్గర ఇది సాధ్యమా? కొంత మేరకు సాధ్యమే. జీఎస్టీ రిటర్నులు రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ చేతిలో ఉన్నాయి. ఆ శాఖకు జాబితా ఇచ్చి, పేర్లు లేకుండా గుంపుల వారీ మొత్తాలు తిరిగి తీసుకునే ఏర్పాటు ఊహకందనిదేమీ కాదు. అయితే ఆ అద్దంలో చిన్న సంస్థలు కనబడవు. వస్తువులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయల టర్నోవర్ అయితే, తెలంగాణ 20 లక్షలనే కొనసాగించింది. అంటే ఒకే సైజు దుకాణం కోదాడలో లెక్కలోకి వచ్చి, జగ్గయ్యపేటలో రాకపోవచ్చు. రెండు రాష్ట్రాల పట్టికలు పక్కపక్కన పెట్టి తీర్పులు చెప్పేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఉద్యోగుల సంఖ్య కోసం భవిష్య నిధి లెక్కలు చూద్దామన్నా, అది తప్పనిసరి అయ్యేది ఉద్యోగులు 20 మందికి చేరాకే. మొదటి మూడేళ్ల స్టార్టప్‌లలో చాలామటుకు ఈ రెండు వలల్లోంచీ జారిపోతాయి. వాటికి మాత్రం ఏడాదికోసారి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగడం కంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు: నడుస్తోందా, ఎంతమంది పనిచేస్తున్నారు, అమ్మకాలెంత, కొత్త వస్తువో సేవో మార్కెట్‌లోకి వచ్చిందా.

ఎవరి డేటా వారి దగ్గరే, మధ్యలో దారి

ఎస్టోనియా 2001లో మొదలుపెట్టిన ఎక్స్-రోడ్ ఈ కోవకు చెందింది. అందులో పెద్ద కేంద్ర డేటాబేస్ ఏదీ ఉండదు. ప్రతి శాఖా తన సమాచారాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇంకొకరికి అవసరమైనప్పుడు ఆ ఒక్క వివరం మాత్రం భద్రమైన దారిలో వెళ్తుంది. ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో సంతకంతో సహా నమోదవుతుంది. ఫిన్లాండ్ కూడా ఇదే వాడుతోంది. 2017లో రెండు దేశాలూ కలిసి దీని నిర్వహణకు ఒక ఉమ్మడి సంస్థ పెట్టాయి. ఇప్పుడు దాని కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

వినడానికి ఇదే అన్నిటికంటే ముచ్చటగా ఉంటుంది. కానీ ఇచ్చిపుచ్చుకోవడానికి ప్రతి సంస్థకూ ముందుగా తనదంటూ ఒక సరైన వ్యవస్థ ఉండాలి. ఫైళ్లలోనూ షీట్లలోనూ రికార్డులు ఉంచుకునే పది ఇంక్యుబేటర్ల మధ్య ఎక్స్-రోడ్ వేయడమంటే వాహనాలు లేని ఊళ్ల మధ్య ఆరు వరసల రహదారి వేయడమే. పెద్ద ప్రభుత్వ శాఖల మధ్య, పైన చెప్పిన నాలుగో ప్రశ్న కోసమైతే దీనికి మించినది లేదు. చిన్న కూటములు ఇందులో ఒక ముక్క మాత్రం తీసుకోవచ్చు: దరఖాస్తుదారు ఉద్యమ్ నంబరు (ఎంఎస్ఎంఈలకు కేంద్రం ఇచ్చే నమోదు సంఖ్య) రాయగానే అది నిజమైనదో కాదో సరిచూసుకోవడం. ఈ ఒక్క తనిఖీ ఉన్నా తర్వాత జాబితాలు శుభ్రం చేసే శ్రమ చాలా తగ్గుతుంది.

ర్యాంకులు, బహిరంగ జాబితాలు

మూడో ప్రశ్నకు మీరు కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు. ఐరోపా ప్రాంతీయ ఆవిష్కరణల స్కోర్‌బోర్డు 2023 సంచిక 239 ప్రాంతాలను 21 సూచికలతో పోల్చి నాలుగు శ్రేణులుగా విడదీసింది. మన దగ్గర నీతి ఆయోగ్ ఆవిష్కరణల సూచీ ఉంది. దాని 2021 సంచికలో పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక మొదట, తెలంగాణ రెండో స్థానంలో నిలిచాయి. అయితే అది రాష్ట్రం దగ్గరే ఆగుతుంది, జిల్లా దాకా రాదు. ఇలాంటి సూచీలు సర్వేల మీద, విద్య, పేటెంట్లు, పరిశోధన ఖర్చు లాంటి పెద్ద లెక్కల మీద నిలబడతాయి. మీ ఇంక్యుబేటర్ రెట్టింపు పనిచేసినా అందులో సూది మొన కదలదు. కాబట్టి ర్యాంకు మారిందని మిమ్మల్ని పొగిడినా, తిట్టినా రెండూ పట్టించుకోకండి.

ఐరోపా కమిషన్ 2022లో తెరిచిన కొహెసియో అనే వెబ్‌సైట్ వేరే రకం. సమాఖ్య నిధులతో జరిగిన 15 లక్షలకు పైగా ప్రాజెక్టులను పటం మీద, లబ్ధిదారుల పేర్లతో సహా ఎవరైనా చూడవచ్చు. విలేకరులకు, పరిశోధకులకు అది బంగారం. ఫలితాలు కొలవడానికి మాత్రం అది సరిపోదు.

అసలు కష్టం: సంస్థను గుర్తుపట్టడం

ఏ దారి పట్టినా రెండు జాబితాల్లోని ఒకే సంస్థను ఒకటేనని గుర్తుపట్టాలి. టెండరు పత్రాల్లో దీనికి ఒక్క వాక్యం ఉంటుంది. పనిలో దీనికే సగం సమయం పోతుంది. ‘శ్రీ వెంకటేశ్వర ఇండస్ట్రీస్’ అనే పేరు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని వందల చోట్ల ఉంటుందో ఆలోచించండి. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో అదింకో లెక్క.

నంబర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో తంటా. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్ర కోడ్ (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పదీ పాన్. రెండు రాష్ట్రాల్లోనూ వ్యాపారం చేసే కంపెనీకి రెండు జీఎస్టీ నంబర్లుంటాయి, పాన్ ఒకటే. కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చే 21 అక్షరాల నంబరులో రాష్ట్రం, పరిశ్రమ కోడ్ కూడా ఇమిడి ఉంటాయి కాబట్టి, రిజిస్టర్డ్ కార్యాలయం రాష్ట్రం దాటితే ఆ నంబరే మారిపోతుంది. ఉద్యమ్ నంబరు 2020 జూలై నుంచి వచ్చింది. ఒక సంస్థకు ఒక్కటే, అందులో జిల్లా కోడ్ కూడా ఉంటుంది. అయితే ఒకే సంస్థకు మూడు జిల్లాల్లో యూనిట్లున్నా ఆ ఒక్క నంబరే. అనధికారిక రంగంలోని అతి చిన్న యూనిట్ల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ వేదిక వచ్చింది. జీఎస్టీ నమోదు లేనివారు అక్కడ దొరుకుతారు.

వీటిలో వెన్నెముకగా పాన్‌నే తీసుకోమంటాను. దానికీ ఒక చోట గండి ఉంది. సొంత యాజమాన్యంలోని వ్యాపారానికి పాన్ అంటే ఆ మనిషి పాన్. అదే వ్యాపారం ప్రైవేట్ లిమిటెడ్‌గా మారిన రోజు కొత్త పాన్ వస్తుంది. సహాయం ఫలించి పెరిగిన సంస్థలే ఇలా రూపం మార్చుకుంటాయి. డేటాలో మాత్రం పాత సంస్థ మూతపడినట్టు, కొత్తది ఎక్కడినుంచో ఊడిపడినట్టు కనబడుతుంది. ఇక విద్యార్థుల బృందంగా ఉన్న తొలి ఏడాది ఏ నంబరూ ఉండదు. అందుకని ప్రతి సంస్థకూ మీ సొంత నంబరు ఒకటివ్వండి. దాని కింద ఉద్యమ్, పాన్, జీఎస్టీ, కంపెనీ నంబర్లను ‘ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు’ అన్న వివరంతో రాసుకోండి. ఇది ఏ కంపెనీ డాష్‌బోర్డు ప్రదర్శనలోనూ చూపించరు. మీరే అడగాలి.

ఊరి సంగతీ ఇంతే. తెలంగాణ 2016 అక్టోబరులో 10 జిల్లాల నుంచి 31కి, 2019లో 33కి చేరింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయింది. జిల్లా పేరుతో దాచుకున్న పాత లెక్కలు కొత్త జిల్లాల్లోకి విడదీయడానికి రావు. మండలం లేదా గ్రామం స్థాయిలో, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ స్థానిక పాలనా డైరెక్టరీలోని కోడ్‌తో రాసుకుంటే జిల్లాలు ఎన్నిసార్లు మారినా మళ్లీ కూడుకోవచ్చు. పైగా రెండు చిరునామాలు కావాలి: కార్యాలయం ఎక్కడ, పని జరిగేది ఎక్కడ. హిందూపురంలో యంత్రాలు నడుస్తూ బెంగళూరులో కార్యాలయం ఉన్న సంస్థను ఒకే చిరునామాతో రాస్తే అనంతపురం ప్రాంతపు శ్రమ కర్ణాటక ఖాతాలో పడుతుంది.

వర్గం కూడా అలాంటిదే. 2025 ఏప్రిల్ 1న సూక్ష్మ సంస్థ పరిమితి పెట్టుబడిలో కోటి నుంచి రెండున్నర కోట్లకు, టర్నోవర్‌లో 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెరిగింది. ముందు రోజు చిన్న సంస్థగా ఉన్నది, ఒక్క రూపాయి మారకుండానే మర్నాడు సూక్ష్మ సంస్థ అయింది. షీటులో ‘సూక్ష్మ’, ‘చిన్న’ అని రాసుకున్నవారికి ఆ ఏడాది పట్టిక అర్థం కాదు. పెట్టుబడి, టర్నోవర్ అంకెలే సంవత్సరంతో సహా ఉంచుకోండి. వర్గాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టవచ్చు.

కలపడం వేరు, కాదనడం వేరు

పేర్లు, చిరునామాలు పోల్చి రికార్డులు కలిపే కార్యక్రమాలు వచ్చాయి, బాగానే పనిచేస్తాయి. నూటికి రెండు మూడు తప్పుగా కలిపినా మొత్తం లెక్కకు పెద్ద తేడా రాదు. అదే జతను చూసి ‘మీకిప్పటికే సబ్సిడీ అందింది, దరఖాస్తు తిరస్కరించాం’ అంటే, ఆ తప్పు ఒక మనిషి నెత్తిన పడుతుంది. తెలంగాణలో కంప్యూటర్ సరిపోలికల ఆధారంగా రద్దయిన రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022లో కోర్టు వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. వ్యాపార సహాయంలోనూ అదే నియమం పెట్టుకోవాలి: లెక్కల కోసం చేసిన జతతో ఎవరి దరఖాస్తునూ తిరస్కరించకూడదు, తిరస్కరించాల్సి వస్తే మనిషిని పిలిచి అడగాలి.

సొంత యాజమాన్యంలోని వ్యాపారం వివరాలంటే ఆ యజమాని వ్యక్తిగత వివరాలే కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇక్కడ వర్తిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఏ పనికోసం తీసుకుంటున్నారో, ఎవరెవరితో పంచుకుంటారో దరఖాస్తు ఫారంలోనే తేట తెలుగులో రాసి సమ్మతి తీసుకోండి. తర్వాత వేల మందికి ఫోన్లు చేసి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

ఇక ఎవరికి ఏది

ఒక నగరంలోని నాలుగైదు ఇంక్యుబేటర్లు, ఒక పారిశ్రామిక సంఘం కలిసి చేసుకోవాలనుకుంటే: షీటు, సొంత నంబరు, పది లోపు గడులు, ఏడాదికోసారి ఫోన్ సర్వే. పోర్టల్ వద్దు. మిగిలే డబ్బుతో సగం రోజు పనికి ఒక మనిషిని పెట్టుకోండి, ఆ జీతమే ఈ వ్యవస్థకు ప్రాణం.

సబ్సిడీలు, గ్రాంట్లు మంజూరు చేసే రాష్ట్ర శాఖ అయితే: ఇటలీ తరహా రిజిస్టర్. అయితే మంజూరు ఉత్తర్వుతో ముడిపెట్టగలిగితేనే చేయండి, గడులు అయిదారే ఉంచండి. ముడిపెట్టే జీవో రాకపోతే మొదలుపెట్టకండి.

పథకాల ఫలితం తేల్చాలనుకునే ప్రణాళికా శాఖ, నిధులిచ్చే సంస్థ అయితే: కెనడా పద్ధతి. రాష్ట్ర అర్థగణాంక శాఖకు మధ్యలో కూర్చునే అర్హత ఉంది. మొదటి ఏడు మూడు పథకాల జాబితాలతో మొదలుపెట్టినా చాలు. రెండేళ్లు ఆగే ఓపిక మంత్రిగారికీ కార్యదర్శిగారికీ ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. లేకపోతే మధ్యలో ఎవరో డాష్‌బోర్డు అడుగుతారు, ఉన్న మనుషులు అటు పోతారు.

ఎక్స్-రోడ్ తరహా దారి ఇప్పటికే కంప్యూటరీకరణ పూర్తయిన శాఖలకు. ఆ పని ఇంక్యుబేటర్ల బడ్జెట్‌తో చేయకూడదు, ఐటీ శాఖ చేయాలి.

సీఎస్ఆర్ దాతలకు ఒక మాట. మీ సొంత ఫలితాల పోర్టల్ ఇంకొకటి పెట్టకండి. మీరు సాయం చేసే సంస్థ వాడుతున్న షీటులో మీకు కావలసిన ఒకటి రెండు గడులు చేర్చమని అడగండి.

సాఫ్ట్‌వేర్ కొనే దశకు వచ్చినవారు ఒప్పందంలో మూడు విషయాలు చూసుకోవాలి. మొత్తం డేటా ఎప్పుడు అడిగినా సాధారణ పట్టిక రూపంలో దించుకోగలగాలి. గడుల నిర్వచనాలు, కోడ్ జాబితాలు మీ ఆస్తిగా ఉండాలి. ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదు కావాలి. డాష్‌బోర్డు రంగుల మీద బేరం తర్వాత ఆడవచ్చు.

టెండరు వేసే ముందు ఒక వారం పని ఉంది. మూడు సంస్థల నుంచి నిరుటి లబ్ధిదారుల జాబితాలు తెప్పించి, ఇద్దరిని కూర్చోబెట్టి చేత్తోనే కలిపించండి. ఎన్ని వరుసలకు పాన్ లేదో, ఎన్ని పేర్లు సరిపోలలేదో, ఎన్ని సంస్థలు రెండు చోట్ల కనిపించాయో రాయించండి. ఆ కాగితాన్ని టెండరుకు జత చేసి, వచ్చే కంపెనీలను ఈ వరుసలు ఎలా కలుపుతారో చేసి చూపించమనండి.